మీ సంస్థ రాసింది ఇంకెవరో చదువుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పరుపులు అమ్మే కంపెనీ నిద్ర గురించి రాస్తుంది. అకౌంట్స్ చూసే సంస్థ రిటైరయ్యాక రోజులు ఎలా గడపాలో రాస్తుంది. పెన్నులు తయారుచేసేవాళ్లు డైరీ రాసే అలవాటు గురించి రాస్తారు. కస్టమర్లకు ఇంకాస్త దగ్గరవుదామని మొదలుపెట్టిన ఈ లైఫ్‌స్టైల్ రాతలకు కొన్నాళ్లు గడిచేసరికి ఎవరూ ఊహించని జనం వచ్చి చేరతారు. వాళ్లలో చాలామంది ఎప్పటికీ ఆ సంస్థ దగ్గర ఏమీ కొనరు. అది చూసి కొందరు యజమానులు సంబరపడతారు, కొందరు టెన్షన్ పడతారు, చాలామంది అసలు గమనించరు. ఈ విషయంలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

మేం రాసింది మా కస్టమర్ల కోసం. మరి వేరేవాళ్లు ఎందుకు వస్తున్నారు?

సరుకు గురించి రాస్తే సరుకు కావాల్సినవాళ్లే వస్తారు. "ఈ పరుపు ఎన్నేళ్లు మన్నుతుంది" అన్న వ్యాసాన్ని చదివేది కొనబోయేవాళ్లో, కొన్నవాళ్లో అయి ఉంటారు. అదే సంస్థ "పగటిపూట నిద్రపోవాల్సి వస్తే" అని రాసిందనుకోండి. నైట్ షిఫ్టు చేసే నర్సు చదువుతుంది. వాచ్‌మన్ భార్య చదువుతుంది. రాత్రంతా పసిబిడ్డతో మేలుకున్న తల్లి చదువుతుంది. వేరే దేశపు టైముకి పనిచేసే ఉద్యోగి చదువుతాడు. ఆ అవస్థ ఎవరెవరికి ఉందో వాళ్లందరికీ ఆ వ్యాసం చుట్టమే. వాళ్లలో పరుపు కావాల్సినవాళ్లు ఎందరన్నది వేరే లెక్క.

ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అసలైనది అదే. ఒక వ్యాపారంలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు జనం సంగతులు కొన్ని బాగా తెలుస్తాయి. పరుపుల షాపులో పనిచేసేవాళ్లు నడుం నొప్పుల గురించి, నిద్ర పట్టని రాత్రుల గురించి, ఒకరు కదిలితే ఇంకొకరికి మెలకువ వచ్చే దంపతుల గురించి రోజూ వింటూనే ఉంటారు. అలా విని తెలుసుకున్నది శాస్త్ర గ్రంథాల్లో ఉండదు, పత్రికల్లోనూ అరుదు. దాన్ని నిజాయితీగా కాగితం మీద పెడితే, ఇంకెక్కడా దొరకని మాట దొరికిందని జనం వస్తారు.

సెర్చ్ ఇంజిన్ కూడా మీరు ఎవరి కోసం రాశారని అడగదు. అడిగిన ప్రశ్నకు ఏ పేజీలో జవాబు ఉందో చూసి అక్కడికి పంపిస్తుంది.

ఇది ఇంటర్నెట్ వల్ల వచ్చిన కొత్త సంగతా?

కాదు. కంపెనీలు సరుకు పక్కన పెట్టి జీవితం గురించి రాయడం మొదలుపెట్టి వందేళ్లు దాటింది. ఊహించని పాఠకులు కూడా అప్పటి నుంచే వస్తున్నారు.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ మిషెలిన్. టైర్లు అమ్మే ఈ ఫ్రెంచి కంపెనీ 1900లో కారు నడిపేవాళ్ల కోసం చిన్న గైడు అచ్చు వేసి ఉచితంగా పంచింది. అప్పటికి ఫ్రాన్సులో ఉన్న కార్లు 3,000 కూడా లేవు. కంపెనీ అచ్చు వేసిన కాపీలు దాదాపు 35,000. అందులో మ్యాపులు, టైరు మార్చే పద్ధతి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, రాత్రి ఎక్కడ బస చేయొచ్చు వంటివి ఉండేవి. జనం ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయన్నది కంపెనీ ఆలోచన. 1920లో దానికి ధర పెట్టారు, 1926లో మంచి భోజనం పెట్టే చోట్లకు నక్షత్రం గుర్తు ఇవ్వడం మొదలుపెట్టారు. చూస్తుండగానే గైడు పాఠకులు మారిపోయారు. కారు లేనివాళ్లు, భోజనప్రియులు, చివరికి వంటవాళ్లే దానికి ముఖ్య పాఠకులయ్యారు. ఒక నక్షత్రం కోసం జీవితమంతా కష్టపడే వంటవాళ్లు ఇవాళ ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లకు ఆ కంపెనీ టైర్లతో ఏ పనీ లేదు.

అంతకన్నా ఆశ్చర్యం 1944లో జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రసేనలు ఫ్రాన్సులో దిగేముందు, ఊళ్ల మ్యాపులు వివరంగా ఉన్నాయని ఆ గైడు 1939 ఎడిషన్‌ను అమెరికా సైన్యం వాషింగ్టన్‌లో మళ్లీ అచ్చు వేయించి అధికారులకు పంచింది. సెలవుల్లో షికారుకు వెళ్లేవాళ్ల కోసం గీసిన వీధుల మ్యాపులు, దారి గుర్తులు పీకేసిన ఊళ్లలో సైనికులకు దారి చూపించాయి. గీసినవాళ్లు పని శ్రద్ధగా చేశారు కాబట్టే అవి అక్కడ పనికొచ్చాయి. వచ్చేదెవరో తెలియకపోయినా ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎందుకు రాయాలని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే.

గిన్నిస్ రికార్డుల పుస్తకం కథా ఇలాంటిదే. 1951లో ఐర్లండులో వేటకు వెళ్లినప్పుడు యూరప్‌లో అన్నిటికన్నా వేగంగా ఎగిరే, జనం వేటాడే పక్షి ఏదన్న వాదన వచ్చింది. గిన్నిస్ బీరు కంపెనీ అధికారి హ్యూ బీవర్‌కు ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. పబ్బుల్లో రోజూ ఇలాంటి వాదనలు నడుస్తూనే ఉంటాయి కదా అన్న ఆలోచనతో 1955లో పుస్తకం బయటికి వచ్చింది. ఉద్దేశించిన పాఠకులు బీరు తాగుతూ వాదించుకునే పెద్దవాళ్లు. తర్వాత దాన్ని ఎగబడి చదివింది స్కూలు పిల్లలు. బీరు కొనే వయసే లేని పాఠకులు!

పాఠకులు ఊహించని విధంగా వచ్చి వ్యాపారాన్నే మార్చిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. 1921లో అమెరికాలో వాష్‌బర్న్ క్రాస్బీ అనే గోధుమపిండి కంపెనీ ఒక పత్రికలో బొమ్మ ముక్కలు అతికించే పజిల్ ప్రకటన ఇచ్చింది. పూర్తిచేసి పంపినవాళ్లకు పిండి బస్తా ఆకారంలో గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు బహుమతి. పజిళ్లు వేలల్లో వచ్చాయి. ఎవరూ అడగకుండానే వాటితో పాటు వందల ఉత్తరాలూ వచ్చాయి. కేకు ఎందుకు గట్టిపడుతోంది, పిండి ఎంతసేపు కలపాలి వంటి ప్రశ్నలు. కంపెనీ వాటిని చెత్తబుట్టలో వేయలేదు. ప్రతి ఉత్తరానికీ జవాబు రాసి, కింద సంతకానికి బెట్టీ క్రాకర్ అనే పేరు కల్పించింది. ఆ పేరు తర్వాత రేడియోలోకి వెళ్లింది, ఆ కంపెనీ జనరల్ మిల్స్‌లో కలిశాక కూడా నిలిచింది, ఇప్పటికీ ఉంది.

ఈ కథలో నాకు నచ్చేది ఆ ఉత్తరాలకు జవాబులు రాసిన ఉద్యోగుల ఓపిక. ప్రకటన అనుకున్న పని అది చేసింది. అడగని ఉత్తరాలను కూర్చుని చదివిన మనుషులు ఉండబట్టే ఆ పేరు పుట్టింది.

వచ్చేవాళ్లు సాధారణంగా ఎవరై ఉంటారు?

ప్రతి వ్యాపారానికీ జాబితా మారుతుంది కానీ కొందరు దాదాపు అన్ని చోట్లా కనిపిస్తారు.

మొదట, ఇంట్లో ఒకరిని చూసుకునేవాళ్లు. వీళ్లను సంస్థలు పూర్తిగా మర్చిపోతాయి. వయసు మీద పడిన తండ్రి కోసం, జబ్బుపడిన భర్త కోసం, చదువులో వెనకబడిన పిల్లాడి కోసం వెతుకుతూ వీళ్లు వస్తారు. చదివేది ఒకరు, అవసరం ఇంకొకరిది. పెన్నుల కంపెనీ "చేతిరాత మెరుగుపడాలంటే" అని పెద్దవాళ్ల సరదా కోసం రాసిన వ్యాసాన్ని ఊహించుకోండి. పక్షవాతం వచ్చిన తండ్రికి మళ్లీ అక్షరాలు దిద్దించాలనుకునే కూతురు దాన్ని చదువుతుంది. ఎడమచేత్తో రాసే పిల్లాడి తల్లి చదువుతుంది. "పెన్ను వేళ్ల మధ్య వదులుగా పట్టుకోండి" అన్న ఒక్క వాక్యం దగ్గర ఆ కూతురు ఆగిపోతుంది, ఎందుకంటే వదులుగా పట్టుకోవడమే ఆయనకు చేతకానిది. లావు పెన్ను పనికొస్తుందా, పిడికి మెత్తటి తొడుగు వేయొచ్చా అన్నది ఆమెకు కావాలి. ఆ రెండు ముక్కలు మీకు తెలుసు, వ్యాసంలో మాత్రం లేవు.

తర్వాత, మీ వృత్తిలోనే ఉన్నవాళ్లు. పోటీ సంస్థల్లో పనిచేసేవాళ్లు, ఆ పని నేర్చుకుంటున్నవాళ్లు, మీ దగ్గర ఉద్యోగానికి అప్లై చేద్దామా అని చూస్తున్నవాళ్లు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు మీ "మా గురించి" పేజీ కన్నా ఇలాంటి రాతలే శ్రద్ధగా చదువుతారు. అక్కడ మనుషులు ఎలా ఆలోచిస్తారో వాటిలోనే తెలుస్తుంది.

ఇంకా విద్యార్థులు, విలేకరులు, భాష నేర్చుకునేవాళ్లు, మీ సరుకు అందని దేశాలవాళ్లు. కొనడం మానేసినా అలవాటుగా వచ్చే పాత కస్టమర్లు. మీ ఉద్యోగుల ఇళ్లలోవాళ్లు.

వాళ్లెవరో ఎలా తెలుసుకోవాలి?

ముందు వాళ్లు ఏ మాటలు టైప్ చేసి వచ్చారో చూడండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితమే, 16 నెలల సమాచారం చూపిస్తుంది. ఏ పేజీకి ఏ ప్రశ్నలతో వస్తున్నారో విడివిడిగా చూడొచ్చు. ఎక్కువమంది పై వరుసలో ఉన్న పెద్ద అంకెలు చూసి మూసేస్తారు. అసలు సమాచారం కింద ఉంటుంది, ఒకరిద్దరే అడిగిన పొడవాటి ప్రశ్నల్లో. "పగలు నిద్ర" అన్న మాట నుంచి మనిషి ఎవరో తెలియదు. "నైట్ డ్యూటీ అయ్యాక పిల్లల్ని స్కూలుకి పంపి ఎన్ని గంటలు పడుకోవాలి" అని ఎవరైనా టైప్ చేస్తే ఆ మనిషి రోజంతా మీ కళ్లముందు కనిపిస్తుంది. మరీ అరుదైన ప్రశ్నలను గూగుల్ గోప్యత కోసం దాచిపెడుతుంది కాబట్టి అన్నీ దొరకవు. దొరికినవి చదివినా చాలు.

సైటుకు వచ్చినవాళ్లు ఏం చేశారో చూపించే గూగుల్ అనలిటిక్స్‌లో "ఎంగేజ్డ్ సెషన్" (ఆసక్తిగా చూసిన సందర్శన) అన్న లెక్క చూసి మోసపోకండి. 10 సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా, మీరు ముఖ్యమని గుర్తుపెట్టిన పని ఏదైనా చేసినా అది లెక్కలోకి వస్తుంది. 10 సెకన్లలో ఎవరూ ఏమీ చదవరు.

ఇంకో దారి అడగడం. వ్యాసం చివర "ఇది ఎవరి కోసం వెతుకుతూ వచ్చారు?" అని ఒకే ఒక్క ప్రశ్న పెట్టి, రాయడానికి చోటు వదలండి. ఈమెయిల్ అడగొద్దు, పేరు అడగొద్దు. జవాబులు తక్కువే వస్తాయి కానీ ఏ చార్టూ చెప్పని సంగతులు వాటిలో ఉంటాయి. కస్టమర్ కేర్‌లో ఫోన్లు ఎత్తేవాళ్లను కూడా అడగండి. "మీరు రాసింది చదివి చేశానండీ, కొనడానికి కాదు" అని మొదలయ్యే ఫోన్లు వాళ్లకు వస్తూనే ఉంటాయి, ఎవరూ నోట్ చేసుకోరు.

వాళ్లు కొనరు కదా. మాకేం లాభం?

నేరుగా అమ్మకం కోసం చూస్తే, చాలాసార్లు ఏమీ ఉండదు. అది ముందే ఒప్పుకుని మొదలుపెట్టడం మంచిది. ప్రతి పాఠకుడూ ఏదో ఒక రోజు కస్టమర్ అవుతాడని చెప్పే మార్కెటింగ్ మాటలు నమ్మకండి.

లాభం వేరే దారిలో వస్తుంది. సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక ప్రసిద్ధ పరిశోధనా వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లను అడిగితే, తరచూ కలిసే మనిషి ద్వారా దొరికిందన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారా దొరికిందన్నవాళ్లు 55.6 శాతం. మిగతావాళ్లకు ఎప్పుడో గాని కలవనివాళ్లు చెప్పారు. దగ్గరివాళ్లకు మనకు తెలిసిందే తెలుసు, కొత్త కబురు తెచ్చేది దూరపువాళ్లే అన్నది ఆయన వాదన. మీ అనుకోని పాఠకులు అచ్చంగా అలాంటి దూరపువాళ్లు. మీ కస్టమర్లు ఎప్పుడూ వెళ్లని చోట్లకు వాళ్లు వెళ్తారు. నర్సు తన వార్డులో చెబుతుంది. ఆ వార్డులో ఒకరు పరుపు మార్చాలనుకుంటూ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. హాస్పిటల్ పరుపుల కొనుగోళ్లు చూసే మనిషి చెవిన మీ పేరు పడొచ్చు.

రెండో లాభం, మీ సరుకులో ఏం లోపించిందో వీళ్లు చెబుతారు. చేతిరాత వ్యాసానికి వచ్చే ప్రశ్నల్లో సగం పట్టు గురించే ఉంటే, లావు పిడి పెన్ను ఒకటి కావాలని మీకు ఏ సర్వే లేకుండానే తెలిసినట్టు.

మూడోది అంకెల్లో దొరకదు. మీ ఉద్యోగుల్లో ఆ వ్యాసం రాసినవాళ్లకు "ఇది చదివాక మా నాన్న పేరు రాసుకోగలిగారు" అన్న ఉత్తరం ఒకటి వస్తే, ఆ ఆఫీసులో ఆ వారం వాతావరణమే మారిపోతుంది. లాభనష్టాల పట్టికలో దానికి గడి లేదు. ఉన్నా లేకపోయినా అది నాకు ముఖ్యమనే అనిపిస్తుంది.

విజిటర్లు పెరిగాక కన్వర్షన్ రేటు పడిపోయింది. పై అధికారి కంగారు పడుతున్నారు. ఏం చెప్పాలి?

కన్వర్షన్ రేటంటే వచ్చినవాళ్లలో కొన్నవాళ్ల శాతం. లెక్క వేసి చూపించండి. నెలకు 10,000 మంది వచ్చి 200 మంది కొంటే 2 శాతం. అనుకోని పాఠకులు ఇంకో 20,000 మంది వచ్చి, కొనేవాళ్లు ఆ 200 మందే ఉంటే 0.67 శాతం. రేటు మూడో వంతుకి దిగింది, గల్లాపెట్టెలో ఒక్క రూపాయి తగ్గలేదు. సరుకు పేజీలకు నేరుగా వచ్చినవాళ్ల లెక్క, లైఫ్‌స్టైల్ వ్యాసాలకు వచ్చినవాళ్ల లెక్క వేరు చేసి రెండు వరుసలుగా రిపోర్టు ఇవ్వండి. సగం కంగారు అక్కడే తగ్గుతుంది.

ఖర్చు మాత్రం దాచొద్దు. రాయడానికి పట్టే టైము, సర్వర్ ఖర్చు, ఉత్తరాలకు జవాబులిచ్చే మనిషి జీతం, ఇవన్నీ ఉన్నాయి. వాటిని అడ్వర్టయిజింగ్ పద్దులో వేయకుండా విడిగా చూపిస్తే, ఇది కొనసాగించాలా వద్దా అన్నది కళ్లు తెరిచి నిర్ణయించుకోవచ్చు.

వాళ్లను కస్టమర్లుగా మార్చడానికి ఏం చేయొచ్చు?

చాలావరకు, ఏమీ చేయకుండా ఉండొచ్చు. నిద్రలేక కళ్లు మండుతున్న మనిషి మూడో పేరా చదువుతుండగా తెర నిండా "10 శాతం డిస్కౌంట్" అని పెట్టె దూకితే, ఆ మనిషి డిస్కౌంట్ గుర్తుపెట్టుకోడు, విసుగే గుర్తుపెట్టుకుంటాడు. వ్యాసం అయిపోయిన చోట, సంబంధం ఉంటేనే, సరుకు గురించి ఒక్క వాక్యం చాలు.

న్యూస్‌లెటర్ ఇస్తుంటే, వ్యాసాల కోసం చేరినవాళ్లకు వ్యాసాలే పంపండి. ఆఫర్ల లిస్టులో వాళ్లను కలిపేయడం మర్యాద కాదు, చాలా చోట్ల చట్టమూ ఒప్పుకోదు. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఒక పనికి తీసుకున్న సమ్మతిని ఇంకో పనికి వాడుకోవడం కుదరదు. మీ పాఠకులు ఏ దేశం నుంచి వస్తున్నారో మీ చేతిలో లేదు కాబట్టి ఈ నియమాన్ని అందరికీ పాటించడం తేలిక.

ఆరోగ్యం, డబ్బు లాంటి విషయాలు వస్తే మా బాధ్యత ఎంతవరకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది.

మీరు సరదాగా, హాయిగా ఉన్న కస్టమర్‌ని ఊహించుకుని రాశారు. వచ్చేది కష్టంలో ఉన్న మనిషి. "రాత్రి నిద్ర పట్టకపోతే లేచి గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయండి" అన్న సలహా మామూలు మనిషికి హానిచేయదు. నెలల తరబడి నిద్రలేని మనిషికి అది మాత్రమే చెప్పి వదిలేస్తే, డాక్టర్ని కలవాల్సిన రోజు ఇంకా వెనక్కి పోతుంది. నైట్ షిఫ్టు మనిషికి పగటి నిద్ర చిట్కాలు చెప్పి, నిద్రమత్తులో బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లొద్దని చెప్పకపోతే ఆ వ్యాసం అసంపూర్ణం.

కాబట్టి మూడు పనులు. మీ అనుభవం ఎక్కడి వరకు ఉందో వ్యాసంలోనే చెప్పండి: "మేం పరుపుల గురించి చెప్పగలం, నిద్ర జబ్బుల గురించి డాక్టర్లు చెప్పాలి." ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలో గుర్తులు రాయండి, అవి డాక్టర్‌తోనే చూపించి సరిచేయించండి. రాసినవాళ్లెవరో, ఎప్పుడు సరిచూశారో తేదీతో పెట్టండి. ఆరోగ్యం, డబ్బు, భద్రతకు సంబంధించిన పేజీలను గూగుల్ కూడా మిగతావాటికన్నా కఠినంగా చూస్తుంది. 2022 డిసెంబరులో, సెర్చ్ ఫలితాల నాణ్యత చూసేవాళ్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో రాసినవాళ్ల స్వీయ అనుభవాన్ని కూడా ఒక కొలమానంగా చేర్చింది. గూగుల్ సంగతి పక్కన పెట్టినా, తెల్లవారుజామున మీ పేజీ తెరిచిన మనిషికి ఆ జాగ్రత్త అవసరం.

మా రాతలను మేం ఇష్టపడని అర్థంలో వాడుకుంటున్నారు. ఏం చేయాలి?

వ్యాయామం దుస్తులు అమ్మే సంస్థ బరువు తగ్గడం గురించి ఉత్సాహంగా రాస్తే, తిండి మానేసే జబ్బుతో బాధపడే అమ్మాయిలు దాన్ని చదవొచ్చు. తక్కువ సామానుతో బతకడం గురించి రాస్తే, ఇంట్లోవాళ్ల వస్తువులు బయట పడేయడానికి సాకు వెతికేవాళ్లు చదవొచ్చు. మీ ఉద్దేశం అది కాకపోయినా ఫలితం అది కావొచ్చు.

ప్రశ్నల జాబితాలో అలాంటి జాడ కనిపిస్తే వ్యాసాన్ని దాచేయడానికి తొందరపడకండి. బరువు అంకెలు, "ముందు, తర్వాత" ఫొటోలు తీసేయండి. ఎవరు ఈ పని చేయకూడదో మొదటి పేరాలోనే రాయండి, చివర్లో చిన్న అక్షరాల్లో కాదు. అప్పటికీ హాని చేస్తోందనిపిస్తే తీసేయండి. ఎంతమంది చదువుతున్నారన్నది అప్పుడు లెక్కలోకి రాకూడదు.

పిల్లలు చదువుతున్నారని తెలిస్తే?

వాళ్ల వివరాలు సేకరించొద్దు. అమెరికాలో 1998లో చేసిన చట్టం ప్రకారం 13 ఏళ్లలోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. యూరప్‌లో ఆ వయసు 16, దేశాలు దాన్ని 13 వరకు తగ్గించుకోవచ్చు. పోటీలు, కామెంట్లు, సైన్అప్ ఫారాలు ఉన్న పేజీలకు ఇది వర్తిస్తుంది. చదువుకుని వెళ్లే పేజీకి పెద్దగా చేయాల్సింది లేదు, భాష మర్యాదగా ఉంటే చాలు.

వయసు పైబడినవాళ్లు ఎక్కువగా వస్తున్నట్టు అనిపిస్తోంది. పేజీలో ఏమైనా మార్చాలా?

మార్చండి. లేత బూడిదరంగు అక్షరాలు అందంగా ఉంటాయని డిజైనర్లు వాడతారు, పెద్దవాళ్లకు అవి కనిపించవు. అందరికీ అందేలా పేజీలు చేయడానికి ఉన్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలంటుంది. అక్షరాలను 200 శాతం పెద్దవి చేసినా పేజీ చెదరకూడదని కూడా అంటుంది. ఈ రెండూ సరిచేస్తే చిన్న ఫోన్‌లో ఎండలో చదివేవాళ్లకూ మేలే.

ఈ కొత్త పాఠకుల కోసం ఇంకా ఇంకా రాయాలా? మా దారి తప్పమా?

తప్పే ప్రమాదం ఉంది, ఎక్కువ సంస్థలు తప్పేది ఇక్కడే. నిద్ర వ్యాసానికి జనం వచ్చారు కదా అని పరుపుల కంపెనీ కాఫీ మీద, ప్రయాణాల మీద, జాతకాల మీద రాయడం మొదలుపెడుతుంది. వాటి గురించి అక్కడ ఎవరికీ ప్రత్యేకంగా తెలిసిందేమీ లేదు. నాలుగు చోట్ల చదివి ఐదోచోట రాసిన రాత అది. పాఠకులకు వెంటనే తెలిసిపోతుంది. గూగుల్ కూడా 2022 ఆగస్టులో సెర్చ్‌లో తెచ్చిన మార్పులో ఇదే పట్టుకుంది. ట్రెండ్ అవుతోందని రాస్తున్నారా, లేక మీ పాఠకుల కోసం ఎలాగూ రాసేవాళ్లేనా అని రచయితలు తమను తాము ప్రశ్నించుకోవాలని చెప్పింది. 2024 మార్చిలో ఆ పద్ధతిని, ఏ పేజీ పైన చూపించాలో తేల్చే తన ముఖ్య ర్యాంకింగ్‌లో కలిపేసింది.

నేను చూసే గీటురాయి ఒక్కటే: ఈ విషయంలో మీ పని మీకు ఏం నేర్పింది? జవాబులో ఒక మనిషో, ఒక సంఘటనో, ఒక కొలతో వస్తే రాయండి. "అందరూ చెబుతున్నదే" అని వస్తే వదిలేయండి. చేతిరాత వ్యాసానికి కొనసాగింపుగా లావు పిడి పెన్నుల గురించి రాయడం దారి తప్పడం కాదు, మీ దారిలోనే ఇంకో అడుగు లోతుకు దిగడం. పక్షవాతం చికిత్స గురించి రాయడం మాత్రం దారి తప్పడమే.

పాత కస్టమర్లు "మీరు మారిపోయారు" అంటున్నారు.

వాళ్లకు కావాల్సిన సరుకు సమాచారం ఒక్క నొక్కులో దొరుకుతోందో లేదో చూడండి. ఎక్కువసార్లు ఫిర్యాదు అసలు అదే. మొదటి పేజీ నిండా వ్యాసాలు పరిచేస్తే రిపేరు నంబరు కోసం వచ్చినవాళ్లకు చిరాకు రావడం న్యాయమే.

సెర్చ్‌లోనే ఏఐ జవాబులు వచ్చేస్తున్నాయి. ఇకపై అనుకోని పాఠకులు వస్తారా?

గూగుల్ 2024 మేలో అమెరికాలో సెర్చ్ ఫలితాల పైన ఏఐ సారాంశాలు చూపించడం మొదలుపెట్టింది, తర్వాత చాలా దేశాలకు విస్తరించింది. ఒక్క వాక్యంలో తేలిపోయే ప్రశ్న కోసం ఇక ఎవరూ మీ పేజీ దాకా రానక్కర్లేదు. సాధారణ చిట్కాల జాబితాలకు కాలం చెల్లుతోందని నా అంచనా. ఎవరో ఒకరు పని చేసి, చూసి రాసిన వివరం, ఏ తొడుగు ఏ పెన్నుకి పట్టింది, ఏది జారిపోయింది, అలాంటిది చదవాలనుకునేవాళ్లు ఇంకా వస్తారు. తక్కువమంది వస్తారు, కానీ పూర్తిగా చదువుతారు.

మా సంస్థలో రాసేది ఒక్కరే. ఇదంతా సాధ్యమా?

అన్నీ చేయనక్కర్లేదు. నెలకోసారి ఒక గంట కేటాయించి, ఎక్కువమంది చదివిన ఒక్క వ్యాసం తీసుకోండి. దానికి వచ్చిన పొడవాటి ప్రశ్నలు చదవండి. వాటిలో వ్యాసం జవాబివ్వనిది ఒకటి ఎంచుకుని, ఒక పేరా చేర్చండి. కొత్త వ్యాసం రాయడం కన్నా ఇది తేలిక, పాఠకులకు ఎక్కువ ఉపయోగం.

ఉత్తరాలకు మాత్రం జవాబివ్వండి. రెండు వాక్యాలైనా సరే, కాపీ పేస్ట్ కాకుండా.

లైఫ్‌స్టైల్ రాతలు ఆపేయాలనుకుంటున్నాం. పాత పేజీలను ఏం చేయాలి?

ఆపడం తప్పేమీ కాదు. ఐకియా ఫర్నిచర్ కంపెనీ 1951లో మొదలుపెట్టిన కేటలాగును ఒకప్పుడు ఒకే ఏడాదిలో 20 కోట్ల కాపీలు పంచింది. కొనకపోయినా ఇల్లు ఎలా సర్దుకోవాలో చూడటానికి ఇళ్లలో తిరగేసే పుస్తకం అది. 2020 డిసెంబరులో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

మీ పాత వ్యాసాల్లో ఇప్పటికీ నిజమైనవి అలాగే ఉంచండి, పైన "ఇకపై కొత్తవి రాయడం లేదు, చివరిసారి సరిచూసింది ఫలానా తేదీన" అని ఒక వాక్యం పెట్టండి. కాలం చెల్లిన సలహా ఉన్నవాటిని తీసేయండి, ముఖ్యంగా ఆరోగ్యం, డబ్బు విషయాల్లో. తీసేసిన పేజీ చిరునామాను మొదటి పేజీకి మళ్లించకండి, వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఏం జరిగిందో అర్థం కాదు. దగ్గరి విషయం మీద మీ దగ్గరే ఇంకో వ్యాసం ఉంటే 301తో (పేజీ శాశ్వతంగా వేరే చోటికి మారిందని చెప్పే సర్వర్ కోడ్) అక్కడికి మళ్లించండి. లేకపోతే 410 (పేజీ ఇక లేదని చెప్పే కోడ్) ఇచ్చి, ఆ పేజీ తీసేశామని చెప్పే రెండు ముక్కలు, అదే విషయం మీద మీకు నమ్మకమున్న ఇంకెవరి పేజీకైనా ఒక లింకు పెట్టండి. న్యూస్‌లెటర్‌లో ఉన్నవాళ్లకు ఆపేస్తున్నామని ఒక్క ఉత్తరం రాసి, వాళ్ల ఈమెయిళ్లు చెరిపేయండి.